ఎకరం వంద కోట్లు పలికితే ఖజానా నిండినట్టేనా?

మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, కాలేజీ స్నేహితుల గ్రూపులో, బంధువుల గ్రూపులో కొన్నాళ్లుగా ఒకే మెసేజ్ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: తెలంగాణ బడ్జెట్ 3 లక్షల కోట్లు. హైదరాబాద్ ఐటీ ఎగుమతులే ఏడాదికి 2.68 లక్షల కోట్లు. కోకాపేటలో ఎకరం 100 కోట్లు పలికింది. వైన్ షాపుల దరఖాస్తులకే 2,600 కోట్లు వచ్చాయి. కరోనాలో కూడా ఈ ఆదాయం ఆగలేదు. అలాంటి రాష్ట్రంలో ఉద్యోగుల డీఏకి, కాలేజీల ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి, ఆరోగ్యశ్రీ బిల్లులకి డబ్బు లేదంటే పచ్చి అబద్ధం. డబ్బుంది, ఇచ్చే మనసు లేదు.

అంకెలు చాలావరకు సరైనవే. రాసిందెవరో కానీ పేపర్లు బాగా చదివే మనిషే. చిక్కేమిటంటే, రాష్ట్రానికి డబ్బు దండిగా ఉందని చూపించడానికి ఆయన ఏరి తెచ్చుకున్న పద్దుల్లో ఎక్కువ భాగం ఒక ఏడాది పొంగి, మరుసటి ఏడాది తగ్గిపోయేవి. కొన్నయితే ఒక్కసారే వచ్చేవి. జీతాలు, పెన్షన్లు, వడ్డీలు మాత్రం నెల నెలా తప్పవు. గొడవంతా ఈ రెండింటి మధ్యే ఉంది. గద్దె మీద ఏ పార్టీ ఉన్నా ఈ లెక్క ఇంతే. కాబట్టి ఎవరినో వెనకేసుకొస్తున్నానని అనుకోకండి.

"బడ్జెట్ 3 లక్షల కోట్లు"

2025 మార్చి 19న ఆర్థిక మంత్రి భట్టి విక్రమార్క అసెంబ్లీలో పెట్టిన 2025-26 బడ్జెట్ 3,04,965 కోట్లు. అది ఖర్చు అంచనా. పన్నులు, ఫీజులు, కేంద్రం నుంచి వచ్చేవి అన్నీ కలిపి రెవెన్యూ రాబడి కింద రాసుకున్నది 2,29,720 కోట్లు. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం అప్పు. ద్రవ్యలోటు, అంటే అప్పుతో పూడ్చాల్సిన తేడా, 54,009 కోట్లని అదే బడ్జెట్ పుస్తకంలో ఉంది. మెసేజ్ రాసినాయన తెచ్చే అప్పును కూడా ఆస్తి కిందే జమ కట్టేశాడు.

పోనీ ఆ 2,29,720 కోట్లయినా నికరమా అంటే, అదీ వస్తుందని అనుకున్న డబ్బే. అనుకోవడానికీ రావడానికీ ఎంత తేడా ఉంటుందో చూడాలంటే కేంద్రం గ్రాంట్ల పద్దు చూడండి. 2022-23 బడ్జెట్లో ఈ పద్దు కింద 41 వేల కోట్లు వస్తాయని రాసుకున్నారు. ఏడాది చివరికి అందులో మూడో వంతు కూడా రాలేదు. దాంతో మరుసటి ఏడాదైనా అంచనా తగ్గించారా? లేదు. 2023-24లో మళ్లీ 41 వేల కోట్లే రాశారు. మళ్లీ రాలేదు. కేంద్రం ఇవ్వకపోవడం తప్పా, రాదని తెలిసీ రాసుకోవడం తప్పా అని రెండు పార్టీలూ వాదించుకోవచ్చు. ఆ డబ్బు వస్తుందన్న లెక్కతో పనులు ఒప్పుకున్న కాంట్రాక్టరుకు మాత్రం రెండూ ఒకటే.

ఇంతకంటే పెద్ద ఉదాహరణ 2019లో ఉంది. ఎందుకో జనం దాన్ని మర్చిపోయారు. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఓటాన్ అకౌంట్ బడ్జెట్, అంటే పూర్తి బడ్జెట్ వచ్చేదాకా నడిపే తాత్కాలిక బడ్జెట్, 1,82,017 కోట్లతో పెట్టారు. సెప్టెంబరులో పూర్తి బడ్జెట్ పెట్టేసరికి అది 1,46,492 కోట్లకు దిగింది. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆరే స్వయంగా సభలో ప్రవేశపెట్టారు. ఆర్థిక మాంద్యం వల్లే ఈ కోత అన్నారు. ఏడు నెలల్లో కాగితం మీది 35 వేల కోట్లు మాయమయ్యాయి. వాటిని ఎవరూ తినలేదు. ఫిబ్రవరిలోనూ అవి ఖజానాలో లేవు.

"ఐటీ ఎగుమతులు 2.68 లక్షల కోట్లు"

2023-24లో రాష్ట్రం ప్రకటించిన అంకె ఇదే. కంపెనీలు విదేశీ ఖాతాదారులకు వేసిన బిల్లుల మొత్తం అది. అందులో పన్ను ఎంత, ఆ పన్నులో రాష్ట్రానికి చేరేది ఎంత అనేది వేరే లెక్క. ఎగుమతులపై జీఎస్టీ సున్నా. కంపెనీ కట్టే కార్పొరేట్ పన్ను, ఉద్యోగి కట్టే ఇన్‌కమ్ ట్యాక్స్ రెండూ ఢిల్లీకి వెళ్తాయి. అక్కడి నుంచి ఆర్థిక సంఘం చెప్పిన నిష్పత్తిలో రాష్ట్రాలకు పంచుతారు. పద్నాలుగో ఆర్థిక సంఘం లెక్కలో తెలంగాణ వాటా 2.437 శాతం. పదిహేనో సంఘం వచ్చేసరికి అది 2.102 శాతానికి తగ్గింది. సెస్సులు, సర్‌ఛార్జీలు ఆ పంపకంలోకి అసలు రావు.

మరి గచ్చిబౌలిలో నెలకు రెండు లక్షల జీతం తీసుకునే కుర్రాడి జీతం మీద రాష్ట్రం నేరుగా వసూలు చేసేది ఎంత? వృత్తి పన్ను కింద నెలకు 200 రూపాయలు. ఎంత జీతమున్నా ఏడాదికి 2,500 దాటి వసూలు చేయకూడదని రాజ్యాంగంలోనే పరిమితి ఉంది.

ఆ కుర్రాడి వల్ల రాష్ట్రానికి అసలు ఆదాయం అతను ఖర్చు పెట్టినప్పుడు వస్తుంది. ఫ్లాటు కొంటే స్టాంపు డ్యూటీ, కారు కొంటే లైఫ్ ట్యాక్స్, పెట్రోలు కొట్టిస్తే 35.2 శాతం వ్యాట్, శుక్రవారం రాత్రి బీరు తాగితే ఎక్సైజూ వ్యాటూ. ఇక్కడే మెలిక ఉంది. కంపెనీలో లేఆఫ్ అన్న మాట వినపడగానే ఆ మనిషి మొదట వాయిదా వేసేవి ఫ్లాటూ కారే. బియ్యం కొనడం ఎవరూ ఆపరు, కానీ బియ్యం మీద రాష్ట్రానికి వచ్చేదీ పెద్దగా ఉండదు. అంటే హైదరాబాద్ ఐటీ మీద రాష్ట్ర ఖజానా ఆధారపడిన మాట నిజమే. అయితే ఆ ఆధారం ఎగుమతుల అంకె మీద కాదు, ఉద్యోగుల ధైర్యం మీద. అమెరికాలో ఏదో బ్యాంకు ఖర్చులు తగ్గించుకుంటే ఆ ధైర్యం ఇక్కడ తగ్గుతుంది.

ఎలక్ట్రిక్ కార్ల సంగతి కూడా చెప్పాలి. 2024 నవంబరులో తెచ్చిన ఈవీ విధానంలో 2026 చివరి వరకు వాటికి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేశారు. గాలి బాగుపడటానికి మంచి పనే. కానీ ఈవీ కొన్నవాడు పెట్రోలు బంకుకు కూడా వెళ్లడు కాబట్టి ఆ వ్యాటూ రాదు. ఈ లోటును ఎక్కడ పూడ్చుకోవాలో ఎప్పుడో ఒకప్పుడు ఆలోచించక తప్పదు.

"కోకాపేటలో ఎకరం 100 కోట్లు"

2021 జూలైలో హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ) కోకాపేట నియోపొలిస్ లేఅవుట్‌లో సుమారు 50 ఎకరాలు వేలం వేస్తే దాదాపు 2,000 కోట్లు వచ్చాయి. అప్పుడు గరిష్ఠంగా ఎకరం 60.2 కోట్లు. 2023 ఆగస్టులో 45.33 ఎకరాలకు 3,319 కోట్లు వచ్చాయి. అందులో ఒక ప్లాటు ఎకరం 100.75 కోట్లకు పోయింది. ఆ ఒక్క ప్లాటు ధరే ఇప్పటికీ అన్ని గ్రూపుల్లో తిరుగుతోంది. సగటు అంతకంటే చాలా తక్కువని భాగహారం వచ్చిన ఎవరైనా లెక్క వేసుకోవచ్చు.

ఇప్పుడు ఆ 3,319 కోట్లను ఖర్చు పక్కన పెట్టి చూద్దాం. 2025లో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి పలుమార్లు చెప్పిన లెక్క ప్రకారం రాష్ట్రానికి నెల ఆదాయం సుమారు 18,500 కోట్లు. జీతాలు, పెన్షన్లకు సుమారు 6,500 కోట్లు. అప్పుల కిస్తీలు, వడ్డీలకు కూడా దాదాపు అంతే. అంటే చరిత్ర సృష్టించిన ఆ వేలం మొత్తం సొమ్ముతో ప్రభుత్వం పదిహేను రోజుల జీతాలు, పెన్షన్లు ఇవ్వగలదు. పదహారో రోజుకు భూమీ లేదు, డబ్బూ లేదు.

అదే 2023లో ఔటర్ రింగ్ రోడ్డును ముప్పై ఏళ్లకు లీజుకిచ్చి 7,380 కోట్లు తీసుకున్నారు. ఆ లీజు మంచిదా చెడ్డదా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది, అందులోకి నేను దిగను. కానీ ముప్పై ఏళ్ల టోల్‌కు బదులుగా ఒకేసారి వచ్చిన సొమ్ము అది. దాన్ని ఒక ఏడాది ఆదాయంలా చూస్తే మిగతా ఇరవై తొమ్మిది ఏళ్లకు సమాధానం ఉండదు.

వేలాల కన్నా నన్ను ఎక్కువ కంగారు పెట్టేది రిజిస్ట్రేషన్ల ఆదాయం. అది ప్రతి ఏటా వస్తుంది కాబట్టి నికరమే అనిపిస్తుంది. కానీ చూడండి. 2020 సెప్టెంబరు 8న ధరణి అనే కొత్త భూరికార్డుల పోర్టల్ కోసం రాష్ట్రమంతా రిజిస్ట్రేషన్లు ఆపేశారు. వ్యవసాయ భూములకు నవంబరు 2న మొదలయ్యాయి. ఇళ్లు, ప్లాట్లకు డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. మూడు నెలలపాటు ఆ తలుపు మూసే ఉంది. ఆ తర్వాత 2021 జూలైలో మొత్తం రిజిస్ట్రేషన్ ఛార్జీలను 6 శాతం నుంచి 7.5 శాతానికి పెంచారు. అదే రోజు నుంచి భూముల ప్రభుత్వ విలువలు కూడా పెంచారు, 2022 ఫిబ్రవరిలో మరోసారి పెంచారు. ఆ రెండేళ్లూ రాబడి బాగా పెరిగింది. ఆ పెరుగుదలలో ఎంత భాగం అమ్మకాలు పెరిగి వచ్చింది, ఎంత భాగం రేటు పెంచడం వల్ల వచ్చింది? రేటు పెంచినప్పుడు రాబడి ఒక మెట్టు పైకి ఎక్కుతుంది. ప్రతి ఏటా అలాగే మెట్లు ఎక్కుతూ పోదు.

బడ్జెట్ రాసేవాళ్లు మాత్రం అదే జోరు ఉంటుందని నమ్మారు. 2023-24కు 18,500 కోట్లు రాశారు. మరుసటి ఏడాది 18 వేల కోట్లు దాటించి రాశారు. ఆ తర్వాత 2025-26కు 19 వేల కోట్లు దాటించారు. మొదటి రెండేళ్లూ అసలు వసూళ్లు అంచనాకు చాలా దూరంలో ఆగిపోయాయి. మార్కెట్ చల్లబడిందని శంషాబాద్ వైపు వెంచర్లు తిరిగే ఏ ఏజెంటును అడిగినా చెప్పేవాడు. నాలుగు డీల్స్ కుదిరిన నెలలో వచ్చిన కమీషన్ చూసుకుని, ఇరవై ఏళ్ల ఈఎంఐ పెట్టుకోకూడదని కూడా ఆ ఏజెంటుకు బాగా తెలుసు.

"వైన్ షాపుల దరఖాస్తులకే 2,600 కోట్లు"

2023 ఆగస్టులో 2,620 దుకాణాలకు 1.31 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు 2 లక్షలు. లాటరీలో షాపు దక్కినా దక్కకపోయినా ఆ డబ్బు తిరిగి ఇవ్వరు. అలా వచ్చాయి ఆ 2,600 కోట్లు. మెసేజ్‌లో రాయనిది ఏమిటంటే, ఇది రెండేళ్లకు ఒకసారి వచ్చే డబ్బు. పైగా కొత్త లైసెన్సులు మొదలయ్యేది డిసెంబరు 1న అయితే, దరఖాస్తులు ఎన్నికలకు ముందు ఆగస్టులోనే తీసేసుకున్నారు. డిసెంబరులో వచ్చిన కొత్త ప్రభుత్వానికి ఆ ఏడాది షాపులున్నాయి కానీ దరఖాస్తు ఫీజు లేదు.

2025లో మళ్లీ పిలిచారు. ఈసారి ఫీజు 3 లక్షలు. దరఖాస్తులు సుమారు 95 వేలకు పడిపోయాయి. ఫీజు ఒకటిన్నర రెట్లు చేశారు కాబట్టి వసూళ్లు 2,850 కోట్ల దాకా వెళ్లాయి. పాత ఫీజే ఉండి అంతమందే వచ్చి ఉంటే 1,900 కోట్ల దగ్గర ఆగేది. లాటరీ మీద జనానికి మోజు తగ్గుతోందేమో, ఫీజు చూసి భయపడ్డారేమో నేను చెప్పలేను. 2026-27లో మాత్రం ఈ పద్దు దాదాపు ఖాళీ, ఎందుకంటే ఈ లైసెన్సులు 2027 నవంబరు 30 దాకా ఉంటాయి.

"కరోనాలో కూడా ఆదాయం ఆగలేదు"

ఇది మాత్రం శుద్ధ తప్పు. 2020 మార్చి 22న లాక్‌డౌన్ ప్రకటించారు. మార్చి 30కల్లా జీతాల కోత ఉత్తర్వు వచ్చింది. ముఖ్యమంత్రి, మంత్రులు, ఎమ్మెల్యేలకు 75 శాతం కోత, ఐఏఎస్, ఐపీఎస్‌లకు 60 శాతం, మిగతా ఉద్యోగులకు సగం, నాలుగో తరగతి ఉద్యోగులకు 10 శాతం. పెన్షనర్లకూ సగం. జూన్‌లో దీనికి చట్టబద్ధత కోసం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. పట్టుకున్న డబ్బు తర్వాత వాయిదాల్లో ఇచ్చారు, అది వేరే సంగతి. ధనిక రాష్ట్రమని చెప్పుకున్న చోట ఎనిమిది రోజులకే పెన్షన్‌లో సగం ఆపాల్సి వచ్చిందంటే ఆపద కోసం పక్కన పెట్టుకున్నది ఏమీ లేదనే అర్థం. మే 6న మద్యం దుకాణాలు తెరవగానే ధరలు 16 శాతం పెంచారు. ఆ తొందరలోనే ఖజానా పరిస్థితి తెలుస్తుంది.

అప్పుడు ఇంకో ఆసరా కూడా ఉండేది. జీఎస్టీ ఏడాదికి 14 శాతం చొప్పున పెరగకపోతే ఆ తేడాను కేంద్రం పరిహారంగా ఇచ్చేది. అది 2022 జూన్ 30తో అయిపోయింది. ఇప్పుడు జీఎస్టీ తగ్గితే తగ్గినట్టే. 2025 సెప్టెంబరులో రేట్లు తగ్గించినప్పుడు మనమంతా టీవీలు, కార్లు చవకయ్యాయని సంతోషించాం. నేనూ సంతోషించాను. రాష్ట్రాల వాటా మీద దాని ప్రభావం గురించి గ్రూపుల్లో ఒక్క మెసేజ్ రాలేదు.

"డబ్బుంది, మనసు లేదు"

ఏడాది మొత్తం మీద డబ్బు ఉండటం వేరు, ఫలానా తేదీన చేతిలో ఉండటం వేరు. జీతాలు ఒకటో తారీఖున పడాలి. వ్యాపారులు జీఎస్టీ రిటర్నులు వేసేది 20వ తేదీకి. ఈ మధ్యలో ఖజానా అడుగు కనపడితే రిజర్వ్ బ్యాంకు దగ్గర వేస్ అండ్ మీన్స్ కింద చేబదులు తీసుకుంటారు. అదీ దాటితే ఓవర్‌డ్రాఫ్ట్. వరసగా 14 పని దినాలు, ఒక త్రైమాసికంలో 36 రోజులు దాటి ఓవర్‌డ్రాఫ్ట్‌లో ఉంటే రిజర్వ్ బ్యాంకు చెల్లింపులు ఆపేస్తుంది. 2023 డిసెంబరులో ప్రభుత్వం విడుదల చేసిన శ్వేతపత్రం ప్రకారం, ఆ చేబదులు లేకుండా ఖాతాలో నిల్వ ఉన్న రోజులు పది శాతం కంటే తక్కువకు పడిపోయాయి. ఆ పత్రంలోని అప్పుల లెక్కను బీఆర్ఎస్ ఒప్పుకోలేదు. అయితే రాష్ట్రాల అప్పుల కోసం మంగళవారం మంగళవారం రిజర్వ్ బ్యాంకు వేసే బాండ్ల వేలంలో రాష్ట్రం పేరు తరచూ కనిపించడం రెండు ప్రభుత్వాల కాలంలోనూ ఉన్నదే.

అనుకున్న రాబడి రానప్పుడు ఎవరిని ఆపుతారో గమనించండి. వడ్డీ ఆపలేరు. జీతాలు ఆపితే గొడవ. కాబట్టి ఆగేవి డీఏలు, కాలేజీల ఫీజులు, ఆరోగ్యశ్రీ ఆసుపత్రుల బిల్లులు, కాంట్రాక్టర్ల బిల్లులు, రిటైరైన వాళ్ల బకాయిలు. రిటైర్మెంట్ సంగతిలో ఇంకో ముడి ఉంది. 2021లో పదవీ విరమణ వయసును 58 నుంచి 61కి పెంచారు. దాంతో మూడేళ్లపాటు రిటైరయ్యేవాళ్లు దాదాపు లేరు, ఆ గ్రాట్యుటీలు, కమ్యుటేషన్లు (పెన్షన్‌లో కొంత భాగానికి బదులు ఒకేసారి ఇచ్చే సొమ్ము) కట్టాల్సిన పని రాలేదు. అప్పుడది మిగులులా కనిపించింది. 2024 నుంచి అవన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. నలభై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన మాస్టారు తన జీపీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్) సొమ్ము కోసం హైకోర్టు మెట్లెక్కే పరిస్థితి రావడానికి ఇదొక కారణం.

మెసేజ్‌లో నిజం ఉన్నది కూడా ఇక్కడే. మనసు అన్న మాట పూర్తిగా తప్పు కాదు. ఉన్న కొద్ది డబ్బులో ఎవరి బిల్లు ముందు పాస్ అవుతుంది, బిల్లు పెట్టినందుకు ట్రెజరీ ఇచ్చిన టోకెన్ ఎవరిది నెలల తరబడి పడి ఉంటుంది అన్నది ఎవరో ఒకరు తేలుస్తారు. ఆ వరస ఎలా తేలుతుందో బయట ఉన్న మనిషికి అర్థం కాదు. ఆ మెసేజ్ రాసినాయన కోకాపేట ఎకరాన్ని వదిలేసి ఈ వరస గురించి అడిగి ఉంటే నేనే పది గ్రూపుల్లో పంపేవాణ్ని.

రాబడి బాగున్న రోజుల్లో ఇచ్చిన మాటలు కూడా మనసుకు సంబంధించినవే. రైతుబంధు 2018లో ఎకరాకు పంటకు 4 వేలతో మొదలై 5 వేలైంది, 2025లో రైతు భరోసా పేరుతో 6 వేలైంది. ఒక్కసారి పెరిగింది తగ్గించడం ఏ పార్టీ వల్లా కాదు. అందులో నాకు అభ్యంతరం లేదు. రైతుకు శాశ్వతంగా ఇవ్వదలచుకున్నది శాశ్వతంగా వచ్చే రాబడిలోంచి ఇవ్వాలి. వేలం డబ్బును, లైసెన్సు ఫీజును ఫ్లైఓవరుకో ఆసుపత్రి భవనానికో పెడితే, మరుసటి ఏడాది ఆ డబ్బు రాకపోయినా భవనం ఉంటుంది.

"మరి ఏం చేయాలంటావు?" అని గ్రూపులో ఒకాయన అడిగారు. ఒడిశాలో ఇనుప ఖనిజం ధర పెరిగితే పండగ, తగ్గితే దిగులు. అందుకని 2022-23 బడ్జెట్లో గనుల ఆదాయంలోంచి ఒక స్థిరీకరణ నిధి, అంటే రాబడి తగ్గిన ఏడాది వాడుకునే నిల్వ, పెట్టుకున్నారు. మన పిల్లలు వేలల్లో ఉండే కాలిఫోర్నియాలో ఆదాయం స్టాక్ మార్కెట్టుతో పాటు లేస్తుంది, పడుతుంది. 2022 మేలో 9,750 కోట్ల డాలర్ల మిగులు ఉందని గవర్నర్ చెప్పారు. రెండేళ్లకు 4,680 కోట్ల డాలర్ల లోటు పూడ్చుకోవాల్సి వచ్చింది. షేర్ల లాభాల మీది పన్ను ఒక హద్దు దాటితే కొంత నిల్వలో వేయాలని 2014లో అక్కడి ఓటర్లే ఓటేసి పెట్టుకున్నారు కాబట్టి ఆ నిల్వ కొంత ఆదుకుంది. ఏడు శాతం పైన వడ్డీకి అప్పు తెచ్చే మన రాష్ట్రం డబ్బు దాచుకోవడం లాభమా అంటే, పెద్ద నిధి అనవసరమనే నేనూ అంటాను. రిజిస్ట్రేషన్ల అంచనాను గడిచిన మూడేళ్ల అసలు వసూళ్ల సగటు మీద రాస్తే చాలు, సగం తలనొప్పి తగ్గుతుంది.

అసలు వసూళ్లు ఎంతో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ప్రతి రాష్ట్రం నెలవారీ లెక్కలను ప్రభుత్వాల ఖాతాలు తనిఖీ చేసే కాగ్ తన వెబ్‌సైట్లో పెడుతుంది. ఒక పక్క బడ్జెట్ అంచనా, పక్కనే ఆ నెల దాకా వచ్చింది, ఎంత శాతమో కూడా ఉంటుంది. అక్టోబరు, నవంబరు లెక్కలు వచ్చేసరికి స్టాంపుల పద్దు, గ్రాంట్ల పద్దు చూస్తే మార్చిలో ఎవరి బిల్లులు ఆగబోతున్నాయో ముందే తెలిసిపోతుంది. కాబట్టి ఈ మెసేజ్ మళ్లీ పంపేవాళ్లకు ఒక్కటే అడుగుతున్నా: కోకాపేట ఫోటో బదులు ఆ ఒక్క పేజీ స్క్రీన్‌షాట్ పెట్టండి, అప్పుడు మాట్లాడుకుందాం.